పంజాగుట్ట ఎత్తు మీద రెండు సైకిళ్ళు

సైకిలు దుకాణం ముందు నిలబడి, ఏ బండి కొంటే జోరుగా పోవచ్చునని తర్జనభర్జన పడే కుర్రవాళ్ళను చూసినప్పుడల్లా నా నోరు ఊరుకోదు. తేలికదా బరువుదా, విలాయతీదా దేశీదా అని దుకాణదారుణ్ణి అడుగుతారు. తమ కాళ్ళను మాత్రం ఎవరూ అడగరు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ తార్ బంట్రోతును. టెలిగ్రాములను మా ఊళ్ళో తార్లు అనేవాళ్ళం. వాటిని సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన కాళ్ళు ఇవి. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటాను. లేదని ఎవరైనా అంటే పంజాగుట్ట కిందికి రమ్మనండి. ఇప్పుడు కాళ్ళు సహకరించవు గానీ నోరింకా బాగానే పనిచేస్తోంది.

ఇది రెండో యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల మాట. అప్పటి అమీర్‌పేటను మీరు ఊహించుకోలేరు. అది పట్నం కాదు, పట్నానికి పోయే దారి. మామిడితోటల మధ్య పెద్దవాళ్ళ కోఠీ బంగళాలు, వాటి వెనక జొన్నచేలు, దూరంగా బల్కంపేట ఎల్లమ్మ గుడి. మా ఆఫీసు ఒక పెంకుటిల్లు. ముందు వసారాలో తార్ యంత్రం టకటకలాడేది, వెనక రేకుల షెడ్డులో మా సైకిళ్ళు ఉండేవి. వాటిని సైకిళ్ళనడం మర్యాదకే. ఒక్కొక్కటి ఎత్తాలంటే నడుం పట్టేసేది. చైనుకు నూనె పడడం పండగనాటి ముచ్చట. టైర్లకు అతుకుల మీద అతుకులు.

నేను చేనేత ఇంట్లో పుట్టినవాణ్ణి. మగ్గం గుంతలో కూర్చుని పొద్దంతా కాళ్ళాడించడం మా ఇంటి చదువు. మగ్గం కూడు పెట్టక పట్నం వచ్చాం గానీ ఆ కాళ్ళు నాతోనే వచ్చాయి. ఆఫీసులో అందరికంటే జోరుగా తొక్కేది నేనేనని పేరు. అర్జంటు తార్ వస్తే మా జమాదారు ఇంకెవరి వైపూ చూసేవాడు కాదు. జమాదారంటే బంట్రోతులందరి మీదా పెద్ద. నెరిసిన గడ్డం, ఎప్పుడూ కిళ్ళీ నములుతూ ఉండే నోరు. "బేటా, ఉరుకు" అనేవాడు. నేను ఉరికేవాణ్ణి. నిజం చెప్పాలంటే, నేను తెచ్చే కబురు కోసం ఎవరూ ఎదురుచూసేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో తార్ వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. కాగితం విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. అయినా జోరుగా పోవడం నా ఉద్యోగం, నా పరువు కూడా.

ఆ పరువు మీదికే ఒక మనిషి వచ్చిపడ్డాడు.

అతనిది బందరు. మా ఆఫీసులో బంట్రోతుగా కొత్తగా చేరాడు. సన్నగా, పొడుగ్గా, మాట నెమ్మదిగా. అందర్నీ 'అండీ' అనేవాడు, షెడ్డులో పడుకునే కుక్కను సైతం "లేవండి, సైకిలు తీసుకోవాలి" అనేవాడు. మేం అతణ్ణి బందరాయన అనేవాళ్ళం. అంతకుముందు ఎక్కడో కాలువ పనుల దగ్గర ఒక ఇంగ్లీషు ఇంజనీరు కింద పనిచేశాడట. ఆ దొర స్వదేశం పోతూ తన సైకిలు ఇతనికి ఇచ్చిపోయాడు. ఆ సైకిలును చూడ్డానికి మేమంతా చుట్టూ చేరాం. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హేండిలు, వేలెడు లావు లేని టైర్లు. మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు. ఒక చేత్తో ఎత్తి భుజాన పెట్టుకోవచ్చు. మేం దానికి దొర సైకిలని పేరు పెట్టాం.

మా ఆఫీసరుకు ఆటలంటే పిచ్చి. ఆషాఢంలో ఒక శుక్రవారం, అప్పట్లో మాకు వారం సెలవు ఆ రోజే, బంట్రోతులకు సైకిళ్ళ పందెం పెట్టాడు. అమీర్‌పేట ఆఫీసు గేటు నుంచి బయలుదేరి పంజాగుట్ట ఎక్కి, అవతల ఖైరతాబాదు దాకా దిగి, అక్కడ జెండా పట్టుకుని నిల్చున్న జవానును చుట్టి, అదే దారిన తిరిగి రావాలి. ఎవరి సైకిలు వాళ్ళ ఇష్టం. బందరాయన దొర సైకిలు తెచ్చాడు.

పోయేటప్పుడు అతనికి నేను సరిజోడుగానే ఉన్నాను. వచ్చేటప్పుడు గుట్ట ఎక్కుతుండగా అతను నన్ను దాటి పోయాడు. రాళ్ళ మలుపు దగ్గర అతని వీపు కనబడింది, తర్వాత అదీ కనబడలేదు. నేను గేటు చేరేసరికి అతను మొహం కడుక్కుని నీళ్ళు తాగుతున్నాడు.

మావాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "గెలిచింది గాయన కాదన్నా, దొర సైకిలు" అన్నాడొకడు. "గా సైకిలెక్కితే మా ముసలవ్వ సుత గెలుస్తది" అన్నాడు ఇంకొకడు. నాకు ఆ మాటలు చెరకురసంలా ఉన్నాయి. బందరాయన ఆ మాటలన్నీ విన్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగిపోతే ఇది చెప్పుకోదగ్గ కథే కాదు. మా మాటలు విన్నవాళ్ళలో ఆఫీసరు కూడా ఉన్నాడు.

తర్వాత కొద్దిరోజులకే మా అందర్నీ వసారాలోకి పిలిచాడు. ఆయన ఉర్దూలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను. "మీరే ఒప్పుకున్నారు కదా, గెలిచింది సైకిలని. అయితే మన ఆఫీసుకు అలాంటి సైకిళ్ళే కావాలి. సికింద్రాబాదులో నాకు తెలిసిన దుకాణం ఉంది. ప్రతి బంట్రోతూ అక్కడ ఒక విలాయతీ సైకిలు తీసుకోవాలి. ఖరీదు నెలనెలా జీతంలో పట్టుకుంటాం. వద్దన్నవాళ్ళు తార్ల పని వదిలి టపా బస్తాలు మోసే పనికి పోవచ్చు." ఆ దుకాణం యజమానీ మా ఆఫీసరూ సాయంత్రాలు కలిసి టెన్నిస్ ఆడేవాళ్ళని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. దాని గురించి నేనేమీ అనను. టెన్నిస్ మంచి ఆట.

షెడ్డులోకి వచ్చాక పిల్లలున్నవాళ్ళు, అప్పటికే అప్పులున్నవాళ్ళు మొహాలు వేలాడేసుకున్నారు. నాకు మాత్రం, సిగ్గుచేటు గానీ, పందెంలో పోయిన పేరు మీదే ధ్యాస. మూలన బందరాయన తన సైకిలు చైను తుడుస్తున్నాడు. నేను తిన్నగా వెళ్ళి అతని ముందు నిలబడ్డాను.

"గీ సైకిలు నాకియ్యి. నువ్వు నాది తొక్కు. అప్పుడు చూద్దాం ఎవరు గెలుస్తరో."

అతను తలెత్తి చూశాడు. కోపం లేదు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచి నిలబడ్డాడు.

"తప్పకుండా తీసుకోండి. ఎప్పుడంటారు?"

"వచ్చే శుక్రవారం."

"అలాగేనండి."

ఈ కబురు ఆఫీసరు చెవిన పడింది. ఆయన ఎంత సంతోషించాడంటే, కారులో స్వయంగా వెనకే వచ్చి చూస్తానన్నాడు. ఇనప సైకిలు తొక్కేవాడు దొర సైకిలెక్కి గెలిస్తే ఇక నోరెత్తేవాడెవడు? నేను ఎక్కడ కాలు పెట్టానో నాకు అప్పటికీ తెలియలేదు. ఆ సాయంత్రం జమాదారు మా ఇంటికి వచ్చి చెబితే తెలిసింది.

మాది అమీర్‌పేటలోనే ఒక్క గది. నా భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో రవికెలు కుడుతోంది. జమాదారు గుమ్మంలో మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"బేటా, నువ్వు గెలిస్తే ఏమైతదో ఎరుకేనా?"

"ఏమైతది? నా పేరు నిలబడ్తది."

"నీ పేరు నిలబడ్తది, మావి పండుకుంటయి. నువ్వు గెలిస్తే సైకిలే గెలిపిచ్చిందంటడు సాబు. మనందరం గా దుకాణానికి తాకట్టు పడుడే. జర మెల్లగ తొక్కు. నీ కాళ్ళు పడ్త. ఒక్కసారి ఓడిపో."

ఆ మనిషి నా తండ్రి వయసువాడు. కాళ్ళు పడతానని నిజంగానే వంగాడు. నేను ఆయన చేతులు పట్టుకుని ఆపాను.

"చాచా, నా పానం అడుగు, ఇస్త. గిది మాత్రం అడగకు. కావాలని ఓడుడు నాకు రాదు."

"మరి మేం ఎట్ల బతకాలె?"

"గెలిచినంక సుత నేను సైకిలు కొననంట. బస్తాలు మోస్త. మీరు సుత కొనేది లేదనుండ్రి. మనం కొనకపోతే ఆయన తార్లు తానే పంచుకుంటడా?"

జమాదారు తల అడ్డంగా ఊపి లేచిపోయాడు. నా మాట ఆయనకు కుర్రతనంగా తోచింది. నాకూ లోపల భయంగానే ఉంది గానీ బయటికి ఎందుకు చూపించాలి? మిషను ఆపి నా భార్య అంది:

"ఎల్లమ్మకు బోనం ఎత్తుతనని మొక్కుకున్న."

"దేనికి? నేను గెలవాలనా, ఓడాలనా?"

"నువ్వు కాళ్ళు చేతులు ఇరగ్గొట్టుకోకుంట ఇంటికి రావాలని" అని మళ్ళీ మిషను తిప్పింది.

ఆ శుక్రవారం ఉదయం మబ్బు పట్టి ఉంది. పడమటి గాలి చెట్లను వంచేస్తోంది. నేను వెళ్ళేసరికి బందరాయన దొర సైకిలుకు గాలి కొడుతున్నాడు. సీటు నా ఎత్తుకు దించి, బిగించి పెట్టాడు. చైనుకు నూనె వేశాడు. నాతో పందేనికి దిగేవాడు నేను ఎక్కబోయే సైకిలుకు సేవ చేస్తున్నాడు. తన కోసం షెడ్డులోంచి తీసుకున్నది నేను రోజూ తొక్కే ఇనప బండి. దానికీ సీటు ఎత్తాడు, టైర్లు రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టాడు. మేమెవ్వరం ఎన్నడూ అంత గాలి కొట్టిన పాపాన పోలేదు.

"మీవాళ్ళు మీ దగ్గరకు వచ్చి ఏదో అడిగారని విన్నాను" అన్నాడు నావైపు చూడకుండానే.

"అడిగిండ్రు."

"నేనూ ఒకటి అడుగుతానండి. నన్ను ఓడించడానికి నిజంగా ప్రయత్నం చేయండి. మీరు వదిలేస్తే నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను."

"ఫికర్ చెయ్యకు భాయ్" అన్నాను. "నిన్ను ఏడిపిస్త ఇయ్యాల."

అతను మొదటిసారి నవ్వాడు.

జెండా ఊపగానే దొర సైకిలు నా కిందినుంచి జారిపోయినంత పనయింది. ఒట్టు, అలాంటి బండి నేను ఎన్నడూ ఎక్కలేదు. పెడలు మీద కాలు ఆనిస్తే చాలు, బాణంలా పోతోంది. ఇటునుంచి పంజాగుట్ట ఎక్కడం, వెనకనుంచి గాలి తోస్తుంటే, ఎక్కినట్టే లేదు. గుట్ట దిగేటప్పుడు నాలో నేను పకపకా నవ్వుకున్నాను. ఖైరతాబాదులో జవానును చుట్టి తిరిగేసరికి బందరాయన చాలా వెనక ఉన్నాడు. ఎదురుపడినప్పుడు అతని మొహం చూశాను. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి పీలుస్తూ, ఏ తొందరా లేకుండా తొక్కుతున్నాడు. 'ఇంటి దగ్గర పెళ్ళికి పోతున్నట్టున్నడు' అనుకున్నాను.

తిరుగు దారిలో గాలి ఎదురైంది. మొరం రోడ్డు వానకు కోసుకుపోయి గాడులు పడి ఉంది. సన్నటి టైరు గాడిలో పడితే పల్టీయే. నేను గాడులు చూసుకోవాలి, గాలిని తోసుకోవాలి, గుట్ట ఎక్కాలి. సగం గుట్ట ఎక్కేసరికి తొడల్లో నిప్పులు పోసినట్టయింది. సీటు మీదినుంచి లేచి నిలబడి తొక్కాను. రాళ్ళ మలుపు దగ్గర వెనకనుంచి ఒక చప్పుడు వినబడింది. నా సైకిలు మడ్‌గార్డు చప్పుడే. రోజూ నేను మోసే ఆ గలగల నాకు తెలియక పోదు. అది మెల్లగా దగ్గరికి వచ్చింది, పక్కకు వచ్చింది, ముందుకు పోయింది. బందరాయన సీటు మీదినుంచి లేవనేలేదు. అంత బరువును ఒకే తీరున, ఒకే ఊపిరిలో, పైకి తోసుకుపోతున్నాడు.

నేను వదల్లేదు. గుట్ట అవతల దిగుడులో తేలిక సైకిలు కలిసివచ్చింది. అతణ్ణి మళ్ళీ అందుకోబోయాను. మామిడితోట గోడ వెంబడి ఇద్దరం గాలికి తలలు వంచి తొక్కాం. గేటు దగ్గర అతని వెనక చక్రం నా ముందు చక్రానికి ముందుంది. అంతే తేడా.

దిగి, గోడ పట్టుకుని, పొద్దున తిన్నదంతా కక్కేశాను. చుట్టూ మావాళ్ళు కేకలు వేస్తున్నారు. నేను ఓడిపోయినందుకు! అంత సంతోషంగా నన్నెవరూ ఎన్నడూ భుజం తట్టలేదు. "భేష్ అన్నా, మా మాట నిలబెట్టినవ్" అని ఒకడు చెవిలో అన్నాడు. వాడి చెయ్యి విసిరికొట్టాను.

ఆఫీసరు కారు దిగి వచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది.

"కావాలని ఓడిపోయావు" అన్నాడు. "వీళ్ళంతా కలిసి నీకు నేర్పారు. నాకు తెలియదనుకున్నావా?"

నా నోట్లో ఇంకా చేదు ఉంది. అయినా నిలబడ్డాను. ఆయన ముందు అంతవరకూ తల దించుకుని తప్ప మాట్లాడి ఎరగను.

"సాబ్, నేను ఓడిపోయిన. నా పానమంత పెట్టి తొక్కి ఓడిపోయిన. గీ ఓటమి నాది. దీన్ని సుత మీరు గుంజుకుంటరా?"

అప్పుడు బందరాయన ముందుకు వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి గొంతు పెంచాడు.

"అయ్యా, మొదటిసారి నేను గెలిస్తే సైకిలు గెలిచిందన్నారు. ఈసారి గెలిస్తే ఆయన వదిలేశాడంటున్నారు. మరి నేనెప్పుడు గెలుస్తానండీ?"

అతను మా ఊళ్ళో కొత్తవాడు, ఆ ఉద్యోగం పోతే తిరిగి పోవడానికి బందరులో ఏమీ లేదు. అయినా ఆఫీసరు కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆఫీసరు గోడ కింద నేను కక్కినదాని వైపు చూశాడు. అలా కక్కుకునేలా ఎవరూ నటించలేరని ఆయనకూ తెలిసే ఉంటుంది. వెనక్కి తిరిగి కారెక్కాడు.

హుకుం మాత్రం రద్దు కాలేదు. పెద్దవాళ్ళు ఇచ్చిన హుకుం వెనక్కి తీసుకోరు, మర్చిపోతారంతే. సికింద్రాబాదు దుకాణానికి రమ్మన్న రోజున ఒక్కరూ పోలేదు. మా జమాదారే అందరికంటే ముందు వసారాలోకి పోయి, "హుజూర్, కొత్త సైకిళ్ళు వద్దు. ఉన్నవాటికి టైర్లు ఇప్పియ్యిండ్రి, నూనె ఇప్పియ్యిండ్రి. లేకుంటే అందరం బస్తాలు మోస్తం" అన్నాడు. ఆయన మోకాళ్ళ నొప్పులతో బస్తా ఎత్తే సంగతి తలుచుకుని ఆఫీసరుకే నవ్వు వచ్చి ఉంటుంది. టైర్లు చాలా రోజులకు వచ్చాయి. నూనె త్వరగానే వచ్చింది. నాకు బహుమానంగా బోరబండ దిక్కు రాళ్ళ దారుల బీటు వేశారు. పొమ్మన్నారు, పోయాను. బోరబండ రాళ్ళు నాకేం కొత్త కాదు.

నేను ఓడిపోయానన్న మాట మాత్రం మావాళ్ళు నమ్మలేదు. జమాదారు చచ్చిపోయేదాకా నేను తన మాట కోసమే ఓడిపోయానని చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు కొట్లాడానో! "ఊకో బేటా, మాకెర్కే" అని కన్ను గీటేవాడు. మంచివాడన్న పేరు కోసం నా ఓటమిని అమ్ముకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అందుకే ఈ వయసులో ఇది రాస్తున్నాను.

మొదటి పందెంలో ఎంత దూరం వెనకబడ్డానో, రెండో పందెంలో ఎంత వెనకబడ్డానో పోల్చి చూసుకోండి. ఆ తగ్గిన దూరమే దొర సైకిలు విలువ. లేదని నేను అబద్ధమాడను. మంచి బండి మంచిదే. డబ్బుంటే కొనుక్కోండి, ముచ్చట తీర్చుకోండి. కానీ మిగిలిన దూరం ఏ దుకాణంలోనూ దొరకదు. అది కొనుక్కోమని మీ జీతం మీద చెయ్యి వేసేవాణ్ణి మాత్రం నమ్మకండి.

ఆ తర్వాత బందరాయనా నేనూ డ్యూటీకి ముందు పంజాగుట్ట మీదికి తొక్కడం అలవాటు చేసుకున్నాం. చిన్నప్పుడు అతను బందరు రేవు నుంచి చేపల బుట్టలు సైకిలుకు కట్టుకుని, సముద్రపు గాలికి ఎదురు తొక్కి బతికినవాడని అప్పుడు తెలిసింది. గాలితో కొట్లాడకూడదని, దాని కింద దూరిపోవాలని నేర్పాడు. గుట్ట కిందనే ఊపిరి ఖర్చు పెట్టకూడదని నేర్పాడు. నేర్చుకున్నాను. అతణ్ణి మాత్రం ఒక్కసారీ దాటలేకపోయాను.

యుద్ధం మొదలయ్యాక అతనికి తన వైపే ఎక్కడో ఉద్యోగం దొరికింది. పోయేముందు రోజు ఉదయం ఆఖరిసారి గుట్టెక్కాం, ఇద్దరం ఆఫీసు సైకిళ్ళ మీదే. ఒకే రకం బండ్లు, ఒకే రకం టైర్లు. ఆ పూట గాలి కూడా లేదు. రాళ్ళ మలుపు దగ్గర, ఎప్పటిలాగే, అతను ముందుకు పోయాడు.

నేను పైకి చేరేసరికి ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నవ్వుతూ అడిగాడు.

"ఈసారి దేనివల్ల ఓడిపోయారండీ?"

నాకు ఊపిరి ఆడడం లేదు. సైకిలు బండకు ఆనించి, అతని పక్కన కూలబడి, చెప్పాను.

"నీవల్లనే."